కార్డు పోయింది సరే, డబ్బు కూడా మనదేనా పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పోయిన నెల రెండో శనివారానికి ముందు రోజు సాయంత్రం గుంటూరు బస్టాండులో ఆయన పర్సు కొట్టేశారు. గంటలోపే మూడు షాపుల్లో డెబిట్ కార్డు ట్యాప్ చేసి 4,900, 4,850, 4,700, మొత్తం 14,450 రూపాయలు లాగేశారు. 5,000 లోపు అయితే పిన్ అక్కర్లేదని దొంగకి బాగా తెలుసు. మెసేజ్‌లు నాన్న ఫోనుకి వచ్చాయి, కానీ ఇంగ్లిష్‌లో ఉండేసరికి రోజూ వచ్చే లోన్ మెసేజ్‌లే అనుకున్నారు.

శని, ఆదివారాలు సెలవు. సోమవారం బ్యాంకు తలుపు తీయగానే వెళ్తే, "పిన్ నంబరు కార్డు మీద రాసి పెట్టుకున్నారా?" అని అడిగారట. అసలు పిన్ వాడితే కదా! "పోగొట్టుకున్నది మీరు, మేమేం చేస్తాం" అని కార్డు బ్లాక్ చేసి పంపేశారు, కంప్లైంట్ నంబరు కూడా ఇవ్వలేదు. నాన్న అమ్మకి సైతం చెప్పకుండా రెండు రోజులు ముభావంగా కూర్చున్నారు. అన్నేళ్లు డ్యూటీ దిగేటప్పుడు చిల్లరతో సహా లెక్క అప్పజెప్పిన మనిషి, తప్పంతా తనదే అనుకున్నారు. డబ్బు పోయినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధేసింది.

ఆర్‌బీఐ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ వేరే మాట చెబుతోంది. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా మూడో మనిషి చేసిన మోసమైతే, మెసేజ్ వచ్చిన రోజు కాకుండా మూడు పని దినాల్లోపు బ్యాంకుకి చెబితే ఖాతాదారుడి మీద ఒక్క రూపాయి కూడా పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి ఒక్కో లావాదేవీ మీద 10,000 వరకే భరించాలి. పిన్, ఓటీపీ మనమే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకి తెలిపేదాకా జరిగిన నష్టం మనదే, తెలిపాక జరిగింది బ్యాంకుది. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. ఈ ఒక్క ముక్క కౌంటర్లో ఉన్నవాళ్లకి తెలిసి ఉంటే నాన్నని అలా నిలదీసేవాళ్లు కాదు.

విషయం తెలిశాక గురువారం నేనే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చాను. సోమవారం 10.40కి వచ్చిన "కార్డు బ్లాక్ అయింది" అనే మెసేజ్ ప్రింటు తీసి జతచేశాను, మూడు పని దినాల్లోపే చెప్పామనడానికి మాకు ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఫిర్యాదు అందిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో వేయాలన్న నిబంధన కూడా అందులో రాశాను. తొమ్మిదో రోజున డబ్బు పడింది.

ఇలాంటిది జరిగితే బ్యాంకు తెరిచేదాకా ఆగకండి, కార్డు బ్లాక్ చేసే నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి, కంప్లైంట్ నంబరు రాసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

బ్యాంకుల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. ఆ బ్రాంచిలో బంగారం మీద అప్పు ఇస్తామని నిలువెత్తు పోస్టరు చక్కటి తెలుగులో ఉంది. దాని పక్కనే ఈ మూడు రోజుల నిబంధన కూడా అంతే పెద్ద అక్షరాల్లో తెలుగులో పెట్టండి.

- ఒక పాఠకురాలు, నరసరావుపేట