కంట్రోల్ టవర్‌లో ఇంటర్ చదివిన పిల్లలకూ ఒక మెట్టు వేయండి: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఇరవై తొమ్మిదేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి, రేణిగుంటలో విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ఇక్కడి విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌ను ప్రారంభించిన నాటి నుంచి మా పిల్లలకు విమానం వింత కాకుండా పోయింది. కానీ కంట్రోల్ టవర్ అద్దాల వెనక ఎవరు కూర్చుంటారో, అక్కడికి చేరాలంటే ఏం చదవాలో వాళ్ళకు చెప్పేవాళ్ళు మాత్రం ఈనాటికీ లేరు. ఆ సందులో వేరేవాళ్ళు దూరి వ్యాపారం చేసుకుంటున్నారు కాబట్టి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం నా పాత విద్యార్థిని ఒకామె వాళ్ళమ్మను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఎంపీసీలో 941 మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఆటో నడిపే తండ్రికి పక్షవాతం రావడంతో డిగ్రీలో చేరలేక, సెల్‌ఫోన్ విడిభాగాలు బిగించే ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళుతోంది. ప్లాస్టిక్ కవరులోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి, "ఇది నిజమో అబద్ధమో చూసి చెప్పండి సార్, అరవై వేలు కట్టేసినాము" అంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఎంపికయ్యారు, అర్హత ఇంటర్, శిక్షణ రుసుము మరో నలభై వేలు అని అందులో ఉంది. పైన ముద్రించిన సంస్థ పేరులో 'ఎయిర్‌పోర్ట్స్' అని ఉండవలసిన చోట 'ఎయిర్‌పోర్ట్' అని ఉంది. ఆ ఒక్క అక్షరం చూపించేసరికి అమ్మాయి ఏమీ అనలేదు గానీ, వాళ్ళమ్మ తన బోసి మెడను తడుముకుంది. గొలుసు కుదువ పెట్టి కట్టిన డబ్బు అది. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయించి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయను. దాని సంగతి పోలీసులు చూసుకుంటారు.

మీ ముందు పెట్టదలచుకున్నది అంతకంటే లోతైన విషయం. ఆ కాగితం దొంగది కావచ్చు, కానీ ఆ అమ్మాయి కోరిక అసంబద్ధమైనదేమీ కాదు. అటువంటి ఉద్యోగం ఉండదగినదే. మన దగ్గర లేకపోవడమే లోపం.

మీ శాఖ కింద ఉన్న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్లను నేరుగా జూనియర్ ఎగ్జిక్యూటివ్ హోదాలో తీసుకుంటుంది. 2023లో 496 ఉద్యోగాలకు, 2025లో 309 ఉద్యోగాలకు ప్రకటనలు ఇచ్చింది. వాటికి ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ గానీ, ఏదో ఒక సెమిస్టరులోనైనా ఆ రెండూ చదివిన ఇంజనీరింగ్ డిగ్రీ గానీ ఉండాలి. అదీ కళాశాలకు వెళ్ళి రెగ్యులర్‌గా చదివినదై ఉండాలి. సడలింపు వర్తించనివారికి వయసు 27 దాటకూడదు. ఆ పైన రాతపరీక్ష, గొంతు పరీక్ష, మత్తుపదార్థాల పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. వందల ప్రాణాలు ఒక్క మాట మీద ఆధారపడే పని కనుక ఈ పరీక్షల్లో దేన్నీ సడలించమని నేను అడగడం లేదు. అయితే ఫ్యాక్టరీ షిఫ్టు చేస్తూ దూరవిద్యలో బీఎస్సీ పూర్తి చేసే పిల్లకు ఈ తలుపు శాశ్వతంగా మూసే ఉంటుందని మాత్రం గమనించమంటున్నాను.

టవర్‌లో జరిగే పనంతా కంట్రోలర్ మాత్రమే చేయగలిగింది కాదు. విమానానికి అనుమతి ఇవ్వడం, విమానాల మధ్య ఎడం కాపాడడం లైసెన్సున్న కంట్రోలర్ పని. విమానం వెళ్ళే దారి, వేళల వివరాలుండే ఫ్లైట్ ప్లాన్ అందుకొని సరిచూడడం, ఒక్కో విమానం పిలుపు పేరు, రకం, ఎత్తు, సమయం రాసిన ప్రోగ్రెస్ స్ట్రిప్ అనే పట్టీని సిద్ధం చేసి సరైన వేళకు కంట్రోలర్ ముందుంచడం, పక్క విమానాశ్రయానికి ఫోన్‌లో సమాచారం అందించడం, వాతావరణ నివేదిక మారగానే చెప్పడం, రన్‌వే దీపాల సంగతి, పైలట్ల కోసం జారీ చేసే నోటమ్ అనే హెచ్చరిక ప్రకటనల సంగతి కనిపెట్టుకొని ఉండడం, వీటికి కావలసింది చురుకుదనం, స్పష్టమైన ఇంగ్లీషు, తప్పులేని రాత, రాత్రి మూడింటికి కూడా నిద్ర తూగని మెలకువ. స్ట్రిప్‌లు చాలాచోట్ల కాగితం మీది నుంచి తెర మీదికి మారిన మాట నిజమే. కాగితం పోయినా పని మాత్రం పోలేదు.

ఇతర దేశాలు ఈ తేడాను ఎప్పుడో గుర్తించాయి. బ్రిటన్‌లో కంట్రోలర్‌కు లైసెన్సు తప్పనిసరి; సహాయకులకు అక్కరలేదు, చేసే పనిలో సమర్థులని యజమాని తేల్చుకుంటే చాలు. అంతదాకా ఎందుకు, అక్కడ విమాన రాకపోకలను నియంత్రించే నాట్స్ సంస్థ శిక్షణలో ఉండే కంట్రోలర్లనే పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంగ్లీషు, మ్యాథ్స్‌తో సహా అయిదు సబ్జెక్టుల్లో జీసీఎస్ఈ గట్టెక్కినవాళ్ళ నుంచి ఎంచుకుంటుంది. జీసీఎస్ఈ అంటే ఇంచుమించు మన పదో తరగతి. వాళ్ళు పట్టాకు బదులు ప్రతిభను కొలిచే పరీక్షలను కఠినం చేశారు. మన వాయుసేనలోనూ ఇంటర్ అర్హతతో చేరిన ఎయిర్‌మెన్‌కు ఆపరేషన్స్ అసిస్టెంట్ అనే ట్రేడ్ ఉంటూ వచ్చింది. వాళ్ళు ఎయిర్ ట్రాఫిక్ విధుల్లో అధికారికి చేదోడుగా ఉంటారు. ఇంకో మాట. విమానం నడపడానికి కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలన్నా చదువు పరంగా ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్‌తోనే అర్హత వస్తుంది. అక్కడ అడ్డుపడేది లక్షల్లో ఉండే శిక్షణ ఖర్చు, అది వేరే కథ. ఇంటర్ చదువుతో కాక్‌పిట్‌లోకి వెళ్ళగలిగిన దేశంలో, అదే చదువుతో టవర్‌లో సహాయకురాలిగా కూర్చోవడానికి దారి లేకపోవడం వింతగా లేదా?

2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కంట్రోలర్ల కొరతను, వారి అలసటను వేలెత్తి చూపింది. కొరత తీరాలంటే కంట్రోలర్లను పెంచవలసిందే. సహాయకులు వారికి ప్రత్యామ్నాయం కారు. కానీ ఉన్న కంట్రోలర్ చేతిలోంచి ఫోన్లూ రాతపనీ తప్పిస్తే ఆ మనిషి చూపు రన్‌వే మీద నిలుస్తుంది.

కనుక ఇంటర్ ఎంపీసీ అర్హతతో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అసిస్టెంట్ అనే పోస్టును మీ హయాంలో ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. గొంతు పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, వైద్య పరీక్ష యథాతథంగా పెట్టండి. నాలుగైదేళ్ళు తప్పులేకుండా పనిచేసి, ఉద్యోగంలో ఉంటూనే దూరవిద్యలో బీఎస్సీ పూర్తి చేసినవారికి శాఖాపరమైన పోటీ ద్వారా కంట్రోలర్ శిక్షణకు వెళ్ళే దారి ఉంచండి. ఆ దారి లేకపోతే ఈ పోస్టు కూడా మరో ఔట్‌సోర్సింగ్ కొలువుగా మిగులుతుంది. అదే జరిగేటట్టయితే అసలు వద్దనే అంటాను.

పోస్టు సృష్టించడానికి ఫైళ్ళు ఎన్ని బల్లలు దాటాలో ప్రభుత్వ ఉద్యోగం చేసిన నాకు తెలియనిది కాదు. ఈలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఏ చదువుతో విమానాశ్రయంలో ఏ ఉద్యోగం దొరుకుతుందో అథారిటీ వెబ్‌సైట్‌లో తెలుగులో ఒక్క పేజీ పెట్టించండి. అగ్నిమాపక విభాగంలో జూనియర్ అసిస్టెంట్‌కు ఇంటర్ చాలునని, డ్రైవింగ్ లైసెన్సు, దేహదారుఢ్యం కావాలని మా పిల్లల్లో చాలామందికి తెలియదు. డిప్లొమా, ఐటీఐ వాళ్ళకు అప్రెంటిస్ అవకాశాలున్నాయనీ తెలియదు. దరఖాస్తు రుసుము తప్ప ఏ దశలోనూ ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదని, కంట్రోల్ అసిస్టెంట్ పేరుతో ఇప్పుడు నియామకాలేవీ లేవని ఆ పేజీలో పెద్ద అక్షరాలతో రాయించండి.

అదే చేత్తో మరొకటి. మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే పద్ధతి వచ్చింది. ఫిజిక్స్ మేజర్‌గా, మ్యాథ్స్ మైనర్‌గా చదివిన బీఎస్సీ కంట్రోలర్ ఉద్యోగానికి చెల్లుతుందా లేదా అన్నది తదుపరి ప్రకటనలోనే ఒక్క వాక్యంలో తేల్చి చెప్పించండి. పట్టా చేతికొచ్చాక తెలిస్తే ఆ పిల్లలు చేయగలిగేది ఏమీ ఉండదు.

మా ఊళ్ళో ఇటువంటి కన్సల్టెన్సీల గోడపత్రికలు ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికే బస్టాండు గోడలెక్కుతాయి. మీరు పెట్టించే పేజీ ఆ ఫలితాలకు ముందే వస్తే, దాన్ని అచ్చు వేయించి చుట్టుపక్కల జూనియర్ కళాశాలల నోటీసు బోర్డుల్లో అంటించే పని నేను చూసుకుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
రేణిగుంట, తిరుపతి జిల్లా.