గంజాం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మే 16న ఒక తెర కట్టించండి

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగు సైన్స్ మాస్టారిని. 1960 మే 16న థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాడు. ఏటా ఆ రోజే అంతర్జాతీయ కాంతి దినోత్సవం. ఈసారి మన ఊళ్లోనూ జరిపించండి. ఉపన్యాసాలు వద్దండీ, తెల్ల తెర చాలు.

మా తెలుగువాళ్ల తోలుబొమ్మలోంచి దీపం వెలుగు దూరి వచ్చి రంగులు తెర మీద పడతాయి. ఒడియా వారి రావణఛాయ బొమ్మ వెలుగును పూర్తిగా ఆపేస్తుంది. అక్కడ నల్లటి నీడే కథ చెబుతుంది. అర్ధపారదర్శకం, అపారదర్శకం అని నేను బోర్డు మీద గంటసేపు చెప్పేది, ఈ రెండూ పక్కపక్కన ఆడితే పిల్లలకు క్షణంలో తెలిసిపోతుంది. బొమ్మను తెర నుంచి దీపం వైపు జరిపితే నీడ పెద్దదై అంచులు మసకబారతాయి. దీపం తీసి నాలుగు ఎల్‌ఈడీలు దూరందూరంగా పెడితే ఒక్క హనుమంతుడికి నాలుగు నీడలు! మా బడిలో ఇది చూపిస్తే, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి "ఎందుకు సార్?" అంది. ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

రెండు భాషల కళాకారులనూ పిలిపించండి, దారి ఖర్చులతో పాటు గౌరవమైన పారితోషికం ఇప్పించండి. ఆట నడిచినంతసేపు మైదానం ఫ్లడ్‌లైట్లు ఆర్పించండి. ఒకసారి ఆ వెలుగులోనే ఆడించారు, తెర మీద ఏమీ కనబడలేదు.

ఇట్లు,
ఒక సైన్స్ మాస్టారు, బరంపురం