సూది వేయించుకోకుండా ఓడ టికెట్టా?

సంపాదకులు గారికి, నమస్కారం.

2022 జనవరి ముగుస్తోంది, కరోనా కొత్త రకం ఒమిక్రాన్ గోల ఇంకా తగ్గనేలేదు, పేపర్లలో క్రూయిజ్ (విహార ఓడ) ప్రకటనలు మాత్రం మళ్లీ మొదలయ్యాయి. ముంబైలో ఎక్కిస్తారట, గోవా, లక్షద్వీప్ చూపిస్తారట, తిండీ ఆటపాటలూ అన్నీ టికెట్లోనేనట. అడుగున మాత్రం కంటికి ఆనని అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని ఉంటుంది. నేను రాస్తున్నది ఆ షరతుల గురించే, ముఖ్యంగా కరోనా టీకా గురించి.

మా ఇంట్లో సంక్రాంతి నుంచీ ఇదే గొడవ. అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజని, ఏప్రిల్ చివర్లో అందరం కలిసి ఓడ ఎక్కుదామని మా తమ్ముడు పట్టుబట్టాడు. ఆలోచన బాగానే ఉంది. కానీ నలభై దాటిన ఈ పెద్దమనిషి ఇంతవరకూ ఒక్క డోసూ వేయించుకోలేదు! సెకండ్ వేవ్‌లో కరోనా వచ్చి తగ్గింది కాబట్టి యాంటీబాడీలు ఉన్నాయంటాడు. తగ్గిన తర్వాత మూడు నెలలు ఆగి వేయించుకోమన్న మాట నిజమే, కానీ ఆ మూడు నెలలూ పోయిన ఆగస్టులోనే అయిపోయాయి. ఆ తర్వాత కోవాగ్జిన్‌ను విదేశాల్లో ఒప్పుకోవడం లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఒప్పుకున్నాక చూద్దామన్నాడు. 2021 నవంబర్ 3న ఆ ముచ్చటా తీరింది. ఇప్పుడేమో 'వేసుకున్నోళ్లకీ వస్తోంది కదక్కా' అంటున్నాడు. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకా దేశమంతా వెళ్లింది గానీ మా తమ్ముడి భుజం దాకా రాలేకపోయింది.

సరే, వాడి ఒళ్లు వాడిష్టం అనుకుందాం. ఊళ్లో ఉన్నంతసేపు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. జ్వరం వస్తే గదిలో పడుకుంటాడు, ఇంటింటి ఫీవర్ సర్వేకి వచ్చిన ఆశా కార్యకర్త మందుల కిట్ ఇచ్చి వెళ్తుంది, ఆక్సిజన్ పడిపోతే అరగంటలో గాంధీకో మరో ఆసుపత్రికో తీసుకెళ్తాం. ఓడలో ఇవేవీ ఉండవు. అక్కడుండేది ఒక చిన్న వైద్యశాల, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు. వాంతులు, జ్వరం, బీపీ లాంటివి చూస్తారు, అత్యవసరమైతే కాస్త నిలబెడతారు. అంతకు మించితే ఒడ్డుకు చేర్చాల్సిందే. ఆ ఒడ్డు ఎప్పుడొస్తుంది, వచ్చినా దిగనిస్తారా అన్నది మన చేతుల్లో ఉండదు.

డైమండ్ ప్రిన్సెస్ ఓడ సంగతి అప్పుడే మరిచిపోయామా? 2020 జనవరి 25న హాంకాంగ్‌లో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి ఫిబ్రవరి 1న పాజిటివ్ అని తేలింది. ఓడ జపాన్‌లోని యోకోహామా చేరాక ప్రయాణికులందర్నీ రెండు వారాలు గదుల్లోనే ఉండమన్నారు, కిటికీ లేని గదుల్లో ఉన్నవాళ్లను కాసేపు డెక్ మీదకు వదిలేవారు. మొత్తం 3,711 మందిలో 712 మందికి సోకింది, పదిమందికి పైగా పోయారు. ఆ 712 మందిలో దాదాపు సగం మందికి పరీక్ష చేసిన రోజుకు ఒక్క లక్షణమూ లేదు. 'నాకేం లేదు, బాగానే ఉన్నాను' అనే మాటకు విలువెంతో దాన్నిబట్టే చెప్పొచ్చు. అప్పటికి జనానికి టీకా అన్నదే లేదు కాబట్టి ఓడ నిండా టీకా లేనివాళ్లే. మనవాళ్లు 138 మంది ఉన్నారు అందులో, ఆరుగురు తప్ప మిగతా అందరూ సిబ్బందే. ప్రయాణికులు తలుపులు వేసుకుని కూర్చుంటే వాళ్లు మాత్రం గదిగదికీ భోజనాలు మోసి, రాత్రికి మళ్లీ ఇద్దరు ముగ్గురు పడుకునే ఇరుకు గదుల్లోకి వెళ్లాల్సి వచ్చింది. టికెట్ కొనేవాళ్లకు వాళ్లసలు గుర్తుకే రారు.

ఇక 'వేసుకున్నోళ్లకీ వస్తోంది' అన్న మాట. వస్తోంది, అబద్ధమేం కాదు. ఈ నెల మొదట్లోనే ముంబై నుంచి గోవా వెళ్లిన కార్డీలియా ఓడలో సిబ్బందిలో ఒకరికి పాజిటివ్ వచ్చింది, సుమారు 2 వేల మందికి పరీక్షలు చేస్తే 66 మందికి ఉన్నట్టు తేలింది. కొత్త సంవత్సరం జరుపుకుందామని వెళ్లినవాళ్లు మార్ముగోవా రేవు దగ్గర ఓడలోనే ఉండిపోయారు, చివరికి ఓడ మళ్లీ ముంబై దారి పట్టింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా డిసెంబర్ 30న, టీకా వేసుకున్నా సరే వేసుకోకపోయినా సరే ఇప్పట్లో క్రూయిజులు ఎక్కొద్దని చెప్పింది.

మా తమ్ముడు ఇదంతా తన వాదనకు బలమనుకుంటున్నాడు. నాకు మాత్రం తిరగబడి కనిపిస్తోంది. అందరికీ అంటుకునే అవకాశం ఉన్నప్పుడే కదా, అంటుకున్నాక ఎవరి పరిస్థితి ఎంత విషమిస్తుందన్నది లెక్కలోకి వచ్చేది. టీకా వేసుకున్నవాడికి ఎక్కువ శాతం జలుబూ ఒళ్లునొప్పులతో పోతుంది, వేసుకోనివాడికి ఊపిరితిత్తుల దాకా వెళ్లే ప్రమాదం చాలా ఎక్కువ. పైన చెప్పిన ఆ చిన్న వైద్యశాలలో ఉన్న కొద్దిపాటి పడకలు నిండేది ఇలాంటివాళ్లతోనే. పక్క గదిలో ఎవరికో గుండెనొప్పి వస్తే? షుగరున్న మా నాన్నకే ఏదైనా అయితే?

ఎక్కేముందు ఆర్టీపీసీఆర్ పరీక్ష చేస్తారుగా అంటారు. రెండు రోజుల కింద తీసిన నమూనా ఆ రోజు సంగతే చెబుతుంది. నిన్న పెళ్లిభోజనంలో అంటించుకున్నవాడికి ఇవాళ కూడా నెగెటివే రావొచ్చు.

ఇంకా వెళ్లాలనే ఉంటే కేలెండర్ తీసి ముందు కూర్చోవాలి. ఇది చాలామంది చూసుకోరు. ఇప్పుడున్న (2022 జనవరి) నియమం ప్రకారం రెండో డోసు పడి 14 రోజులు గడిస్తేనే పూర్తి టీకా కింద లెక్క. ఫిబ్రవరి 1న కోవాగ్జిన్ మొదటి డోసు వేయించుకుంటే 28 రోజులకు, అంటే మార్చి 1న రెండోది, మార్చి 15కి లెక్క పూర్తవుతుంది, ఏప్రిల్ ప్రయాణానికి సరిపోతుంది. అదే కోవిషీల్డ్ అయితే మధ్యలో 84 రోజులు ఆగాలి కాబట్టి రెండో డోసు ఏప్రిల్ 26న, పూర్తయ్యేది మే 10న. అంటే ఏప్రిల్ ఓడకు కోవిషీల్డ్ అందదు. ఇది తెలియక ముందు డబ్బు కట్టేసి, తర్వాత టీకా కేంద్రంలో 'మేడమ్, కొంచెం ముందే వేయండి' అని బతిమాలేవాళ్లు ఉంటారు. టీకాలు నమోదు చేసే కోవిన్ పోర్టల్ ముందు ఆ బతిమాలుడు పనిచేయదు. అన్నట్టు, సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, మన ఇంటిపేర్ల స్పెల్లింగులతో వచ్చే తిప్పలు అందరికీ తెలిసినవే.

డబ్బు సంగతి కూడా ఉంది. నలుగురి కుటుంబానికి టికెట్లు, ముంబై దాకా విమానం చార్జీలు కలిపితే చిన్న మొత్తం కాదు. రేవు దగ్గర పాజిటివ్ వస్తే ఎక్కనివ్వరు. అప్పుడు డబ్బు మొత్తం వెనక్కిస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా, అదే గదిలో ఉండాల్సిన మిగతా కుటుంబం సంగతేంటి? టీకా నియమం మధ్యలో మారితే బాధ్యత ఎవరిది? మేం అడిగిన ఏజెంటు 'అవన్నీ తర్వాత చూసుకుందాం మేడమ్, ముందు అడ్వాన్స్ కట్టండి, ఆఫర్ అయిపోతుంది' అన్నాడు. రాతలో ఇవ్వమంటే ఫోను పెట్టేశాడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమా పడేవాళ్లు అందులో కోవిడ్ కవర్ అవుతుందా, క్వారంటైన్ ఖర్చు ఇస్తారా, సముద్రం మధ్య నుంచి ఆసుపత్రికి తరలిస్తే చెల్లిస్తారా అన్నవి పాలసీ చదివి చూసుకోవాలి.

డాక్టరే వద్దన్నవాళ్లు, తీవ్రమైన ఎలర్జీ ఉండి నిజంగానే వేయించుకోలేనివాళ్లు కొంతమంది ఉంటారు. వాళ్లను నేనేమీ అనడం లేదు. కానీ వాళ్లకు ఓడ మరీ ప్రమాదం. నీళ్ల మీద తిరగాలనే సరదా ఉంటే వేవ్ తగ్గాక నాగార్జునసాగర్ లాంచీ ఉంది, గాలి ఆడే చోట కూర్చుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. లిఫ్టులూ బఫేలూ థియేటర్లూ, నాలుగు రోజులపాటు అవే ముఖాలూ ఉండవు.

మా ఇంటి వరకు నేను చెప్పింది ఒకటే: ముందు సర్టిఫికెట్, తర్వాత టికెట్. తమ్ముడి రెండో డోసు పడేదాకా ఎవరూ పైసా కట్టేది లేదు. అప్పటికి వేవ్ తగ్గకపోతే నేనూ రాను, మూడు డోసులు వేసుకున్నా రాను. అమ్మానాన్నలకు రెండో డోసు పడి తొమ్మిది నెలలు అవుతోంది, వాళ్లకు ప్రికాషన్ డోసు (మూడో డోసు) వేయించే పని ఎలాగూ ఉంది, ఆ రోజే వీణ్నీ వెంటబెట్టుకుని బస్తీ దవాఖానాకు వెళ్దామని బావ అన్నారు. వాడు ఇంకా అవుననలేదు, కాదనీ అనలేదు.

మీ నుంచి కోరేది ఒక్కటే. క్రూయిజ్ ప్రకటన వేసుకునేటప్పుడు టీకా నియమం, పరీక్ష నియమం, పాజిటివ్ వస్తే డబ్బు ఏమవుతుంది, ఈ మూడూ ధర రాసినంత పెద్ద అక్షరాల్లో ఉండాలని కంపెనీలను అడగండి. అలా రాయమన్నందుకు ఏ కంపెనీ అయినా ప్రకటన వెనక్కి తీసుకుంటే ఆ సంగతి కూడా వార్తగా వేయండి, మేం టికెట్ ఎక్కడ కొనకూడదో తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్
జనవరి 27, 2022