బయోఫిల్టర్‌ని తళతళలాడేలా కడగొద్దు

అందరికీ నమస్కారం. నీళ్లను శుద్ధి చేసి మళ్లీ మళ్లీ వాడే ట్యాంకుల్లో చేపలు పెంచే ఒకరు నిన్న ఇక్కడ "నీళ్లు అద్దంలా ఉన్నాయి, అయినా చేపలు మేత ముట్టడం లేదు" అని రాశారు. అద్దంలా ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదండీ. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ కంటికి కనిపించవు. ముందు టెస్ట్ కిట్ తీయండి.

డ్రమ్ ఫిల్టర్ (తిరిగే జల్లెడ) చేపల పెంటను, మిగిలిన మేతను వడకడుతుంది, అంతే. చేపలు మొప్పల నుంచి వదిలే అమ్మోనియా నీళ్లలో కరిగి ఉంటుంది, జల్లెడకు చిక్కదు. దాన్ని బయోఫిల్టర్‌లో, అంటే ప్లాస్టిక్ ముక్కలు (మీడియా) నింపిన తొట్టెలో, పెరిగే బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నేను మొదట్లో ఆ ప్లాస్టిక్ మీడియా మీద గోధుమరంగు జిగురు చూసి, మురికి అనుకుని కుళాయి నీళ్లతో రుద్ది కడిగేశాను. ఆ జిగురే బాక్టీరియా! రుద్దుడుకి పోగా మిగిలిన కాస్తా కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి పోయింది. మూడో రోజుకి నైట్రైట్ టెస్ట్ ముదురు గులాబీ, అంటే నైట్రైట్ బాగా పెరిగిపోయింది! మళ్లీ కుదురుకోవడానికి ఐదారు వారాలు పట్టింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కడగాల్సి వస్తే ట్యాంకు నీళ్లతోనే, అదీ కొంచెం కొంచెంగా.

చాలామంది మర్చిపోయేది ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ల శక్తి. 1 గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, కాల్షియం కార్బొనేట్ లెక్కన 7 గ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతాయి. అందుకే పీహెచ్ మెల్లగా జారుతుంది. వంటసోడా కొద్దికొద్దిగా వేసి నిలబెట్టుకోవాలి. అమ్మోనియా ఉన్నప్పుడు పీహెచ్ ఒక్కసారిగా పెరిగితే దాని విషం ఇంకా ముదురుతుంది.

యూవీ (సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత దీపం) అంటారా, మసక నీళ్లలో వెలుగు లోపలిదాకా పోదు. దాన్ని వడపోత తర్వాతే పెట్టాలి.

నిన్న అడిగినవారు ఇవాళ్టికి మేత ఆపి, రీడింగులు ఇక్కడ పెట్టండి.