పానీపూరీ బండ్ల దగ్గర నల్లా పెట్టించండి

ఎడిటర్ గారికి,

వానలు మొదలైతే చాలు, పానీపూరీ జోలికి పోవద్దని డాక్టర్లు చెప్తుంటారు. 2022లో టైఫాయిడ్ పెరిగినప్పుడు రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకులే దాని పేరెత్తి హెచ్చరించారు. తినేవాళ్లకు చెప్పారు సరే, బండివాళ్లకు మంచినీళ్లు ఎవరిస్తున్నారు?

మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల కొన్నేళ్లు ఖరగ్‌పూర్‌లో ఉన్నాం. అక్కడ పుచ్కా అంటారు. ఉడికిన ఆలుగడ్డలో నల్ల శనగలు, కారం వేసి చేత్తో మెదిపి కూరుతారు, చింతపండు పులుపు గట్టిగా తగులుతుంది. ఒడిశాలో అదే గుప్‌చుప్, ఢిల్లీలో గోల్‌గప్పా. ముంబయిలో వేడి రగడా, అంటే తెల్ల బఠానీ కూర, పెడతారు. మన నల్గొండలో పొగలు కక్కే బఠానీ కూర, మీద సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. నాకు మనదే ఇష్టం.

ఏ ఊళ్లోనైనా పూరీ నూనెలో వేగుతుంది, కూర ఉడుకుతుంది. పానీ మాత్రం పచ్చిదే.

సాయంత్రం క్లాక్ టవర్ వైపు వెళ్లి ఏదో ఒక బండి దగ్గర కాసేపు నిలబడండి. కింద రెండు ప్లాస్టిక్ క్యాన్లుంటాయి. చేతులు కడగాలన్నా, కుండలో పానీ కలపాలన్నా అవే నీళ్లు. అయిపోతే దగ్గర్లో ఏ బోరుంటే అక్కడ పట్టుకొస్తారు. ప్లేట్లన్నీ ఒకే బకెట్లో ముంచి తీస్తుంటే రాత్రికి ఆ నీళ్ల మీద నూనె తేలుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు మర్రిగూడలో, మునుగోడులో మన కళ్ల ముందే ఉన్నారు. ఇళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి, బండికి ఇంకా రాలేదు.

రంగు సంగతి కూడా చూడాలి. 2024లో కర్ణాటకలో పానీపూరీ శాంపిళ్లు పరీక్షిస్తే కొన్నింట్లో కృత్రిమ రంగులు బయటపడ్డాయి. పుదీనా, కొత్తిమీర నూరి కలిపిన పానీ కాసేపటికి నల్లబడుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా చిలకపచ్చగా మెరుస్తుంటే పిల్లలకు పెట్టకండి.

బండ్లు ఎత్తేయమని నేను అడగడం లేదు. యూపీ నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చి పొద్దంతా నిలబడి బతికేవాళ్లు వాళ్లు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడండి. బండ్లు ఆగేచోట ఒక నల్లా, మురుగు పోయే దారి ఏర్పాటు చేసి, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా నీళ్లు వదలండి. ఆ నీళ్లలో క్లోరిన్ సరిపోతుందో లేదో వారానికోసారి చూడండి. మున్సిపల్ అధికారులు ఈ వానాకాలంలోనే ఈ పని చేయాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, రామగిరి, నల్గొండ