గోడ మీద ములుగు జిల్లా ఇంకా పుట్టలేదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో గ్రంథాలయంలో ‘పర్యాటక విభాగం’ ప్రారంభమైందని వార్త వేశారు. రిబ్బన్ పట్టుకున్న వాళ్ల పేర్లన్నీ వచ్చాయి, బీరువాలో ఏమున్నదో మాత్రం రాలేదు. గోడమీది పటంలో వరంగల్ ఇంకా ఒకే జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు వేరుపడింది, 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ కబుర్లేవీ అక్కడికి చేరలేదు.

గైడు పుస్తకంలో ఛార్జీలు, వేళలు, లాడ్జీల నంబర్లు మూడు నాలుగేళ్లకే పనికిరాకుండా పోతాయి. అయిదేళ్లు దాటిందాన్ని చరిత్ర వరుసలోకి జరపాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాలు అట్లా కాదు, వాగులు గుట్టలు ఎక్కడికీ పోవు. 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు, బడిపిల్లలకైనా అర్థమవుతుంది. ఇక్కడ పాత గైడ్లు అద్దాల బీరువాలో, పటాలేమో మడతల దగ్గర చిరిగి అటక మీద!

రామప్పకు పోవాలంటే ములుగు దారిలో జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి ఆటో చూసుకోవాలా, నేరుగా గుడి ఉన్న పాలంపేటకు బస్సుందా, తిరుగు ఆఖరి బస్సు ఎన్నింటికి? డిపోలో అడిగి రాసుకొచ్చి, కింద తేదీ వేసి, మూడు నెలలకోసారి మార్చే ఒక్క కాగితం చాలు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, అడిగేవాళ్లకు కొదువ లేదు. రైళ్లకూ అట్లాంటిదొకటి కావాలి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ పోయేవి కాజీపేట నుంచే బల్లార్షా దారి పడతాయి, వరంగల్ ముట్టవు. చెన్నై నుంచి ఢిల్లీ పోయేవి చాలావరకు వరంగల్‌లో ఆగి కాజీపేటలో ఆగకుండా పోతాయి. ఇది తెలియక టికెట్ తీసుకుంటే, సామానుతో తప్పు స్టేషన్‌లో నిలబడాల్సిందే.

డబ్బుల్లేవనకండి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయాలకు జమ చేయకుండా బకాయి పెడితే అడిగే నాథుడు లేడు. శిలాఫలకానికి మాత్రం నిధులు ఏనాడూ ఆగవు, దాని మీద అక్షరదోషాలు కూడా.

ఇంకో ప్రారంభోత్సవం పెట్టుకునే లోపు ఆ పటమైనా మార్చండి. మేకు కొట్టే ఉంది.

– ఒక పాఠకుడు, హనుమకొండ