కళాకేంద్రం రానివ్వండి, పత్రికల బల్ల మాత్రం తీయకండి

సంపాదకులకు,

మా బస్తీలో మూతపడ్డ పాత గ్రంథాలయ భవనాన్ని కళాకేంద్రం చేస్తారన్న మాట కొన్ని నెలలుగా నలుగుతోంది. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, అందరికంటే ముందు నేనే సంతోషించాలి. సంతోషించాను కూడా. మొన్న పనివాళ్లు గేటు తీసి ఉంచితే లోపలికి తొంగిచూశాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

వసారాలో పుస్తకాలను సిమెంటు సంచుల్లో కుక్కారు. మూతి కట్టని సంచిలోంచి ఒకటి తీసి అట్ట వెనక చూస్తే, తిరిగి ఇవ్వాల్సిన తేదీల చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఊదారంగు ముద్రలు వరుసగా దిగి, సగం కాగితం దగ్గర ఆగిపోయాయి. పత్రికలు పరిచి చదువుకునే ఏటవాలు బల్లలను ఆవరణలో పడేశారు. వానకు పలకలు ఉబ్బాయి. లోపల గోడకు సగందాకా మెరిసే ప్లాస్టిక్ పెయింటు వేసేశారు. అది డంగుసున్నం గోడ. సున్నం చెమ్మను పీలుస్తుంది, వదులుతుంది. దానిమీద ప్లాస్టిక్ రంగో సిమెంటు పూతో పడితే లోపలి తడి బయటికి రాలేక పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఇంకే విషయంలోనైనా నా మాట పక్కన పెట్టండి గానీ, రంగుల విషయంలో వినండి.

కిందటిసారి అబ్బాయి దగ్గరికి షికాగో వెళ్లినప్పుడు అక్కడి కల్చరల్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. 1897లో ఆ నగరానికి కేంద్ర గ్రంథాలయంగా కట్టిన భవనం అది. 1977లో కళాకేంద్రమైంది. రంగుగాజు ముక్కలు పేర్చిన గుమ్మటం 38 అడుగుల వెడల్పు, దానికింద మెడ పట్టేసేదాకా నిలబడ్డాను. టికెట్టు లేదు. అయితే గుమ్మటంకన్నా నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే 1991లో పెద్ద కొత్త గ్రంథాలయం తెరిచారు. అక్కడ బొమ్మలు లోపలికొచ్చాయని పుస్తకాలు వీధిన పడలేదు.

అమెరికా కబుర్లు మనకెందుకంటే, మన ఊరి సంగతే చూడండి. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం ఇక్కడ హైదరాబాద్‌లోనే పుట్టింది. అప్పట్లో నిజాం సర్కారు భాష ఉర్దూ. ఆ తర్వాత సభ పెట్టాలంటే ముందే అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 కాలం కూడా వచ్చింది. అలాంటి రోజుల్లో తెలుగువాళ్లకు నలుగురు కలిసి మాట్లాడుకునే చోటు గ్రంథాలయమే. చదువూ, సభా ఒకే కప్పు కింద సర్దుకోవడం ఈ ఊరికి కొత్త కాదు.

కాబట్టి నా మనవి చిన్నదే. వీధివైపు గది పత్రికలకూ, పోటీపరీక్షల పిల్లలకూ ఉంచండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడమే ఆ పిల్లలకు సగం పరీక్ష. వెనక హాలు కళలకివ్వండి. సెలవుల్లో చేర్యాల నకాషీ చిత్రకారులను పిలిచి, చింతగింజల పిండితో బట్టకు గట్టిపూత ఎలా వేస్తారో పిల్లలచేత చేయించండి. ఒగ్గుకథ చెప్పించండి. హాలును మాత్రం ఈవెంట్లవాళ్ల చేతికి ఇవ్వొద్దు. పుట్టినరోజు పార్టీలు ఒకసారి మొదలయ్యాయంటే బస్తీ పిల్లలను వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. బంజారాహిల్స్‌లో సొంత ఇంటినే 2010లో లామకాన్ అనే కళావేదికగా అందరికీ తెరిచినవాళ్లున్న ఊరు మనది. సర్కారు భవనాన్ని తెరిచి ఉంచడం అంతకంటే కష్టమా?

డబ్బు లేదంటారేమో. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న వార్తలు మీ పత్రికల్లోనే చదువుతున్నాం. చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ను 1965లో మున్సిపాలిటీ తీసుకున్నది ఆస్తిపన్ను బకాయి కిందనే. ఈ బకాయికి ఎవరు ఎవరి మహల్ తీసుకోవాలో మరి!

అవన్నీ తేలేలోపు ఒక్క పని చేయండి. పెయింటు ఆపించి, వచ్చే వానకు ముందే ఆ సంచులనూ బల్లలనూ లోపలికి చేర్పించండి. కూలీలు లేరంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పండి. ఆదివారం పొద్దున మా వీధి ముసలివాళ్లం ఆరుగురం వచ్చి మోస్తాం.

— ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, హైదరాబాద్